అణువిద్యుత్ వాతావరణాన్ని కాపాడుతుందా? ముందు పాత ఉక్కుని అడగాలి

మీరు అడిగినదాంట్లో నిజానికి మూడు ప్రశ్నలున్నాయి. సోలార్, గాలిమరలు ఇంత చౌకయ్యాక కూడా వాతావరణ మార్పుకి అణువిద్యుత్ అవసరమా అన్నది ఒకటి. పరమాణు స్థాయిలో పదార్థాల మీద చేసే పరిశోధనకీ ఈ కరెంటు గొడవకీ సంబంధం ఏమిటన్నది రెండోది. ఫిజిక్స్ ఎమ్మెస్సీ అయ్యాక పీహెచ్‌డీకి ఈ వైపు రావచ్చా అన్నది మూడోది. రియాక్టర్ ఉక్కులు రేడియేషన్‌లో ఎలా పాడవుతాయో చూడటమే చాలా ఏళ్లుగా నా పని, కాబట్టి రెండో ప్రశ్న దగ్గర ఎక్కువసేపు ఆగుతాను, కాస్త ఓపిక పట్టండి.

సూటిగా జవాబు: అవసరమే. కానీ వచ్చే 20 ఏళ్లలో దాని ప్రధాన ఉపయోగం కొత్తగా కట్టబోయే రియాక్టర్ల వల్ల కాదు, ఇప్పటికే నడుస్తున్న పాతవాటిని ఇంకో 20 ఏళ్లు భద్రంగా నడపడం వల్ల వస్తుంది. ఆ పాతవి నడవచ్చా లేదా అన్నది తేల్చేది వాటి ఉక్కులో పరమాణువులు ఎక్కడున్నాయి, ఎక్కడికి జరిగాయి అన్న విషయమే. మా పరిశోధనకీ వాతావరణానికీ ఉన్న అసలు లింకు అక్కడుంది. పత్రికల్లో కనిపించే 'అద్భుత పదార్థం కనుగొన్నారు' తరహా వార్తలతో దీనికి పెద్దగా సంబంధం లేదు.

ముందు లెక్కలు చూద్దాం. వాతావరణ మార్పుపై ఐక్యరాజ్యసమితి శాస్త్రవేత్తల బృందం ఐపీసీసీ 2014 నివేదికలో ఇచ్చిన మధ్యస్థ అంచనాల ప్రకారం ఒక యూనిట్ కరెంటుకి, గని తవ్వడం దగ్గర్నుంచి కూల్చివేత దాకా అన్నీ కలుపుకుంటే, బొగ్గు 820 గ్రాముల కార్బన్ డయాక్సైడ్‌కి సమానమైన వాయువులు వదులుతుంది, గ్యాస్ 490, అణువిద్యుత్ 12. గాలిమరలదీ దాదాపు అంతే. ఇక్కడ వాదన పెట్టుకునేవాళ్లు ఉంటారు గానీ, 12 కాదు 30 అన్నా మన నిర్ణయం మారదు, బొగ్గుతో పోలిస్తే ఎటు చూసినా లెక్కలోకి రానంత తక్కువ.

ఇప్పుడు 1,000 మెగావాట్ల పాత రియాక్టర్ ఒకదాన్ని తీసుకోండి. ఏడాదిలో 90 శాతం సమయం పూర్తి సామర్థ్యంతో నడిచిందనుకుంటే సుమారు 790 కోట్ల యూనిట్లు వస్తాయి. దాన్ని మూసేసి ఆ లోటు బొగ్గుతో పూడిస్తే ఏడాదికి అటూఇటూగా 65 లక్షల టన్నులు గాల్లోకి పోతాయి. 20 ఏళ్లకి 13 కోట్ల టన్నులు. గ్యాస్‌తో పూడిస్తే దాదాపు 7.7 కోట్ల టన్నులు. ఇది ఒక్క రియాక్టర్ లెక్క. ప్రపంచంలో ఇలాంటివి నాలుగు వందలకి పైగా ఉన్నాయి, వాటి సగటు వయసు 30 ఏళ్లు దాటిపోయింది, ప్రపంచ కరెంటులో దాదాపు 9 శాతం వాటిదే. 1990ల మధ్యలో ఆ వాటా 17 శాతం దాకా ఉండేది. ఈ పడిపోవడం చూసి 'అణువిద్యుత్ పని అయిపోయింది' అనేవాళ్లున్నారు. అయిపోలేదు, మొత్తం కరెంటు వాడకం పెరిగింది, అణువిద్యుత్ ఉత్పత్తి మాత్రం దాదాపు ఉన్నచోటే ఉండిపోయింది.

'పాతవాటి గోల దేనికి, కొత్తవి కట్టుకోవచ్చుగా' అంటారా? కట్టాలి, కాదనను. 2023 డిసెంబర్‌లో దుబాయ్ వాతావరణ సదస్సులో ఇరవైకి పైగా దేశాలు 2050 నాటికి అణువిద్యుత్ సామర్థ్యాన్ని మూడింతలు చేయాలని ప్రకటన కూడా చేశాయి. కానీ ప్రకటన వేరు, కాంక్రీటు పోయడం వేరు. ఫిన్లాండ్‌లో ఒల్కిలువోటో మూడో యూనిట్ పని 2005లో మొదలైతే రోజువారీ ఉత్పత్తి 2023 ఏప్రిల్‌లో మొదలైంది. ఫ్రాన్స్‌లో ఫ్లామన్‌విల్ మూడో యూనిట్ 2007లో మొదలై 2024 డిసెంబర్‌లో గ్రిడ్‌కి ఎక్కింది. అమెరికాలో వోగెల్ ప్లాంటు మూడు, నాలుగు యూనిట్లకి మొత్తం ఖర్చు 3,000 కోట్ల డాలర్లు దాటింది. ఇవి సైన్స్ తెలియక ఆలస్యమైనవి కావు. డిజైన్ పూర్తికాకముందే పని మొదలుపెట్టడం, చాలా ఏళ్లుగా రియాక్టర్ కట్టని చోట అలవాటున్న వెల్డర్లు దొరక్కపోవడం, చేసిన పని మళ్లీ చేయడం, ఆలస్యమయ్యేకొద్దీ అప్పు మీద వడ్డీ పేరుకుపోవడం, ఇదంతా కలిసి నడుం విరగ్గొట్టింది. ఒకే డిజైన్‌ని వరసగా కట్టినచోట కథ వేరు. యూఏఈలో బరాకా ప్లాంటు పని 2012లో మొదలైంది, 2024కల్లా నాలుగు యూనిట్లూ నడుస్తున్నాయి, ఆ దేశపు కరెంటులో దాదాపు పావు వంతు అక్కడినుంచే. 1974లో ఫ్రాన్స్ మొదలుపెట్టిన కార్యక్రమం కూడా అంతే, ఒకే అచ్చులో పోసినట్టు వరసబెట్టి కట్టారు కాబట్టే ఒకటిన్నర దశాబ్దంలో దేశం కరెంటులో ఎక్కువ భాగం అణువిద్యుత్‌కి మారిపోయింది.

కాబట్టి కొత్త రియాక్టర్ల సమస్య ముఖ్యంగా నిర్మాణానిది, డబ్బుది. అందులో మా ప్రయోగశాల చేయగలిగింది తక్కువ, ఈ మాట మా వాళ్లు గ్రాంటు దరఖాస్తుల్లో రాయరనుకోండి. పాతవాటి విషయంలో మాత్రం మొత్తం భారం పదార్థాల మీదే ఉంది.

ప్రెషర్ వెసెల్ సంగతి

రియాక్టర్‌లో దాదాపు ఏ భాగాన్నైనా మార్చవచ్చు. పంపులు మారుస్తారు, వందల టన్నుల స్టీమ్ జనరేటర్లు కూడా గోడకి కంత పెట్టి మార్చేస్తారు. ఇంధనం కూర్చునే ప్రెషర్ వెసెల్‌ని మాత్రం మార్చరు, మార్చడం కన్నా మూసేయడం నయం. సుమారు 20 సెంటీమీటర్ల మందం ఉన్న ఉక్కు పాత్ర అది, లోపల దాదాపు 155 బార్ల ఒత్తిడిలో 300 డిగ్రీల నీళ్లు. ఆ ఉక్కు ఎన్నాళ్లు బాగుంటే ప్లాంటుకి అన్నాళ్లు ఆయుష్షు.

దాన్ని పాడుచేసేది న్యూట్రాన్లు. వేగంగా వచ్చిన న్యూట్రాన్ ఒక ఇనుప పరమాణువుని గుద్దితే అది తన స్థానం నుంచి ఎగిరిపోతుంది, దారిలో ఇంకొన్నిటిని గుద్దుతుంది, సెకనులో లక్ష కోట్ల వంతు సమయంలో కొన్ని నానోమీటర్ల మేర స్ఫటికం అల్లకల్లోలం అవుతుంది. విచిత్రం ఏమిటంటే, ఇంకో పది రెట్ల సమయం గడిచేసరికి వాటిలో ఎక్కువ భాగం మళ్లీ ఏదో ఒక స్థానంలో సర్దుకుంటాయి. మిగిలిపోయే కొద్దిపాటి ఖాళీలు, దారితప్పి ఇరుక్కున్న పరమాణువులే అసలు తంటా తెస్తాయి. ఈ నష్టాన్ని 'ఒక్కో పరమాణువు సగటున ఎన్నిసార్లు స్థానభ్రంశం అయింది' అని కొలుస్తాం, మా భాషలో డీపీఏ. వెసెల్ గోడకి జీవితకాలం మొత్తంలో పడే మోతాదు ఎంతో తెలుసా? 0.1 దరిదాపుల్లో, చాలాచోట్ల అంతకన్నా తక్కువ. అంటే పది పరమాణువుల్లో ఒకటి ఒక్కసారి కదిలితే చాలు, ఉక్కు స్వభావం మారిపోతోంది. అదే ఇంధనాన్ని ఆనుకుని ఉండే లోపలి స్టీలు భాగాలకైతే పదుల డీపీఏ పడుతుంది.

ఇంత చిన్న మోతాదుకే ఎందుకు మారుతుందంటే, దానికి కారణం రాగి. పాత వెసెళ్లలో వెల్డింగ్ తీగలకి తుప్పు పట్టకుండా రాగి పూత పూసేవాళ్లు. ఆ రాగి వెల్డ్‌లో కలిసిపోయింది, కొన్నిచోట్ల 0.3 శాతం దాకా. 290 డిగ్రీల దగ్గర ఇనుములో అంత రాగి ఇమడదు, విడిపోయి బయటికి రావాలి. కానీ ఆ వేడికి రాగి పరమాణువులు కదలలేవు కాబట్టి ఎక్కడివక్కడ ఇరుక్కుని కూర్చుంటాయి. న్యూట్రాన్లు వచ్చి ఖాళీలు పుట్టించగానే వాటికి దారి దొరుకుతుంది, ఒకదాని పక్కకి ఒకటి చేరి రెండు మూడు నానోమీటర్ల గుంపులు కడతాయి. లోహం వంగాలంటే స్ఫటికంలో డిస్‌లొకేషన్లు (పరమాణు వరసల్లో ఉండే లోపాలు) జారాలి, ఈ గుంపులు వాటికి అడ్డం పడతాయి. ఉక్కు గట్టిపడుతుంది. గట్టిపడటం మంచిదే కదా అనిపిస్తుంది, కానీ సాగే గుణం పోతుంది, చల్లబడినప్పుడు పుటుక్కున విరిగే ప్రమాదం పెరుగుతుంది. 1970ల నుంచి కొత్త వెసెళ్లలో రాగిని గట్టిగా కట్టడి చేశారు, అంతకుముందు పోతపోసినవి మాత్రం అలాగే ఉన్నాయి.

దీన్ని కనిపెట్టడానికి రియాక్టర్ కట్టేటప్పుడే అదే ఉక్కుతో చేసిన చిన్న దిమ్మెల్ని క్యాప్సూళ్లలో పెట్టి వెసెల్ గోడ దగ్గర వేలాడదీస్తారు. గోడకన్నా ఇంధనానికి కాస్త దగ్గరగా ఉంటాయి కాబట్టి వాటికి వయసు ముందే మీదపడుతుంది. కొన్నేళ్లకోసారి ఒక క్యాప్సూల్ బయటికి తీసి, సీసపు గాజు వెనక రోబో చేతులతో తెరిచి పరీక్షిస్తారు. దిమ్మె కొలత 10 మిల్లీమీటర్లు, 10 మిల్లీమీటర్లు, పొడవు 55. మధ్యలో 2 మిల్లీమీటర్ల లోతు గాటు. పెద్ద లోలకం సుత్తి వచ్చి దాన్ని ఒక్క దెబ్బకి విరగ్గొడుతుంది, ఎంత శక్తి పీల్చుకుందో డయల్ చెప్తుంది. చార్పీ పరీక్ష అంటే ఇదే. విరిగిన ముఖం చూస్తేనే సగం సంగతి అర్థమైపోతుంది. సాగి విరిగినదైతే బూడిదరంగులో పీచుపీచుగా, అంచులు వంగి ఉంటుంది. పెళుసుగా విరిగినదైతే సమతలంగా, పంచదార పలుకుల్లా తళతళ మెరుస్తుంది. రేడియేషన్ తగలని దిమ్మె ఏ వేడి దగ్గర పీచుగా విరిగిందో అదే వేడి దగ్గర వాడిన దిమ్మె మెరుస్తూ విరిగితే, ఉక్కు పెళుసుగా మారే ఉష్ణోగ్రత ఎన్ని డిగ్రీలు పైకి జరిగిందో లెక్కగట్టాలి. ప్లాంటు ఇంజనీర్లకి కావలసింది ఆ ఒక్క అంకే. పరమాణువుల బొమ్మలు చూపిస్తే మర్యాదకి తలాడించి, చివరికి 'అవునుగానీ, ఎన్ని డిగ్రీలండీ' అంటారు. వాళ్లని తప్పుపట్టను, లైసెన్సు ఫైల్లోకి వెళ్లేది అదే.

మరి పరమాణువుల బొమ్మలు దేనికంటే, 80 ఏళ్ల కోసం. అమెరికాలో మొదట 40 ఏళ్లకి లైసెన్సిచ్చారు, తర్వాత 60కి పెంచారు, 2019 డిసెంబర్‌లో టర్కీ పాయింట్ యూనిట్లకి మొదటిసారి 80 దాకా అనుమతించారు. 80 ఏళ్లు నడిచిన వెసెల్ ప్రపంచంలో ఎక్కడా లేదు. గతంలో వచ్చిన అంకెల మీద ఒక గీత గీసి ముందుకి పొడిగించుకుంటూ పోతే సరిపోతుందా? సరిపోకపోవచ్చు, ఎందుకంటే రాగి దాదాపు లేని ఉక్కులో కూడా ఎక్కువ మోతాదు దగ్గర మాంగనీస్, నికెల్, సిలికాన్ కలిసి గుంపులు కట్టడం బయటపడింది. ఇవి చాలాకాలం కనపడవు, ఆలస్యంగా మొదలై తర్వాత పెరుగుతాయి. గీత ఎక్కడ వంకర తిరుగుతుందో చెప్పాలంటే ఆ గుంపులు ఎలా పుడుతున్నాయో తెలియాలి.

దానికి మేం వాడే పరికరం ఆటమ్ ప్రోబ్. ఉక్కులోంచి, గాలియం అయాన్ల పుంజంతో చెక్కి, మొన 100 నానోమీటర్లకన్నా సన్నగా ఉండే సూది తయారుచేస్తాం. చెక్కేటప్పుడు సగం సూదులు విరుగుతాయి, అది మామూలే. శూన్యంలో దాన్ని సున్నాకి 220 డిగ్రీలు కిందకి చల్లార్చి, కొన్ని వేల వోల్టులు పెడితే మొన మీద పరమాణువులు ఒక్కొక్కటిగా ఊడి డిటెక్టర్ వైపు ఎగురుతాయి. ఎంతసేపట్లో చేరిందన్నదాన్ని బట్టి అది ఏ మూలకమో తెలుస్తుంది, ఎక్కడ తగిలిందన్నదాన్ని బట్టి సూదిలో ఎక్కడుండేదో తెలుస్తుంది. పరుగు పూర్తయ్యాక స్క్రీన్ మీద ఇనుముని మాయం చేసి రాగిని, నికెల్‌ని మాత్రం ఉంచితే, చెదురుమదురుగా ఉన్న చుక్కల మధ్య చిక్కటి ముద్దలు కనపడతాయి. డిటెక్టర్ అన్ని పరమాణువుల్నీ పట్టలేదు, కొంత భాగం తప్పిపోతుంది, ఆ ముద్దల్లో ఇనుము ఎంతుందన్న దాని మీద మా వాళ్లు ఇప్పటికీ కొట్టుకుంటూనే ఉంటారు.

ఇంకో మాట. పెళుసుబారిన వెసెల్‌ని బాగుచేయవచ్చు కూడా. తూర్పు ఐరోపాలో వీవీఈఆర్-440 అనే సోవియట్ డిజైన్ రియాక్టర్లలో కొన్నిటిని ఖాళీచేసి, లోపల హీటర్లు దింపి, వెల్డ్‌ని 475 డిగ్రీల దగ్గర కొన్ని రోజులు ఉంచారు. ఫిన్లాండ్‌లో లోవీసా మొదటి యూనిట్‌కి 1996లో ఇదే చేశారు. ఆ వేడికి గుంపులు కరుగుతాయి, కొన్ని పెద్దవై సంఖ్య తగ్గుతుంది, ఉక్కుకి సాగే గుణం చాలావరకు తిరిగొస్తుంది.

తుప్పు: ఎవరికీ ఇష్టంలేని సబ్జెక్టు

మీకు వాతావరణానికీ పదార్థాలకీ లింకు ఒక్క ఉదాహరణలో కావాలంటే ఫ్రాన్స్ 2022 చూడండి. 2021 చివర్లో సివో ప్లాంటులో పదేళ్ల తనిఖీ చేస్తుంటే అత్యవసరంగా చల్లటి నీళ్లు పంపే గొట్టాల వెల్డింగుల దగ్గర సన్నటి పగుళ్లు కనపడ్డాయి. ఒత్తిడి, నీళ్లు, లోహం మూడూ కలిసి తెచ్చే పగుళ్లు, స్ట్రెస్ కొరోజన్ అంటాం. అంతే, అలాంటి గొట్టాలున్న వేరే ప్లాంట్లు కూడా వరసగా ఆపి చూడాల్సివచ్చింది. అప్పటికే వాయిదాపడ్డ మరమ్మతులు తోడయ్యాయి. 2021లో 361 బిలియన్ యూనిట్లు ఇచ్చిన అణు ప్లాంట్లు 2022లో 279 ఇచ్చాయి. ఏళ్ల తరబడి పక్కదేశాలకి కరెంటు అమ్మిన దేశం ఆ ఏడాది కొనుక్కుంది, అదీ గ్యాస్ ధరలు మండిపోతున్న సమయంలో. మిల్లీమీటర్ల పగుళ్లు చేసిన పని అది. చిత్రం ఏమిటంటే, ఎక్కువ దెబ్బతిన్నవి ఆ దేశంలో కొత్త తరం రియాక్టర్లే. గొట్టాల వంపులు, లోపల వేడి నీళ్లూ చల్లటి నీళ్లూ పొరలుగా నిలవడం, వెల్డింగ్‌లో మిగిలిపోయిన ఒత్తిడి, ఇవన్నీ అక్కడ కలిసొచ్చాయి. వయసొక్కటే లెక్క కాదని దీనివల్ల అర్థమవుతుంది.

ఇలాంటిదే ఇంకొకటి. అలాయ్ 600 అనే నికెల్ మిశ్రమలోహం స్వచ్ఛమైన వేడి నీళ్లలో కూడా పగులుతుందని ఆన్రీ కొరియు అనే ఫ్రెంచి శాస్త్రవేత్త 1959లోనే చూపించాడు. పరిశ్రమ నమ్మలేదు, స్టీమ్ జనరేటర్ గొట్టాలు చాలావరకు దాంతోనే చేశారు, తర్వాత దశాబ్దాల్లో వాటిని ఒక్కొక్కటిగా పీకి క్రోమియం రెట్టింపు ఉన్న అలాయ్ 690తో మార్చుకున్నారు. 2002లో అమెరికాలోని డేవిస్-బెస్సీ ప్లాంటులో అదే అలాయ్ 600 నాజిల్ పగిలి, కారిన నీళ్లలోని బోరిక్ ఆమ్లం వెసెల్ మూతని తినేసింది. చూసేసరికి లోపలి వైపు సుమారు ఒక సెంటీమీటర్ స్టెయిన్‌లెస్ పొర మాత్రమే మిగిలింది. పగులు మొన దగ్గర గ్రెయిన్ బౌండరీలోకి (లోహపు రేణువుల మధ్య సరిహద్దులోకి) ఆక్సిజన్ ఎలా దూరుతోంది, క్రోమియం ఎలా పక్కకి జరుగుతోంది అని ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌లో చూసేవాళ్ల పని ఇలాంటివాటికోసమే. కాన్ఫరెన్సుల్లో తుప్పు సెషన్‌కి జనం రారు, ఫ్యూజన్ సెషన్‌కి నిలబడటానికి చోటుండదు. వాతావరణం దృష్టితో చూస్తే తిరగబడాల్సిన వరస అది.

ఇంధన కడ్డీల సంగతి త్వరగా చెప్పేస్తాను. యురేనియం బిళ్లల మీద తొడుగు జిర్కోనియం మిశ్రమలోహం, అర మిల్లీమీటర్‌కి కాస్త ఎక్కువ మందం. న్యూట్రాన్లని మింగదు, అదే దాని గొప్ప. కానీ 1,200 డిగ్రీలు దాటితే ఆవిరితో విపరీతంగా కలిసి, ఇంకా వేడి పుట్టించి, హైడ్రోజన్ వదులుతుంది. 2011లో ఫుకుషిమాలో భవనాలు పేలింది ఆ హైడ్రోజన్‌తోనే. దాని తర్వాత పదుల మైక్రాన్ల లోపు క్రోమియం పూత పూసిన తొడుగుల మీద పని ఊపందుకుంది, ఇప్పుడు కొన్ని వాణిజ్య రియాక్టర్లలో పరీక్షగా పెట్టారు. పూత వల్ల టైమ్ దొరుకుతుంది, ప్రమాదం పోదు. సుమారు 1,330 డిగ్రీల దగ్గర క్రోమియం, జిర్కోనియం కలిసి కరుగుతాయి, ఆ పైన పూత ఉన్నా లేనట్టే. ఈ చివరి సంగతి ప్రకటనల్లో చిన్న అక్షరాల్లో కూడా ఉండదు.

'కొత్త పదార్థం కనిపెట్టారు' అనే వార్తలు చదివేటప్పుడు

రియాక్టర్‌లో పెట్టి పరీక్షిస్తే ఏళ్లు పడుతుంది, బయటికి తీసిన ముక్క రేడియోధార్మికం కాబట్టి చేత్తో ముట్టుకోలేం. అందుకని చాలామంది యాక్సిలరేటర్‌లో అయాన్లతో కొడతారు. రియాక్టర్ కొన్నేళ్లలో చేసే నష్టం ఒకటి రెండు రోజుల్లో అయిపోతుంది, ముక్క రేడియోధార్మికం కూడా కాదు. మంచి పద్ధతే, నేనూ వాడతాను. కానీ నష్టం పడే వేగం రియాక్టర్ కన్నా వేల రెట్లు ఎక్కువ, పైగా లోతు కొన్ని మైక్రాన్లే. 60 ఏళ్లలో మెల్లగా జరగాల్సిన పరమాణువుల కదలికకి ఆ రెండు రోజుల్లో టైమే ఉండదు. కాబట్టి 'మా లోహం 200 డీపీఏ తట్టుకుంది' అని చదివితే, అయాన్లతోనా న్యూట్రాన్లతోనా, ఏ వేడి దగ్గర, ఈ రెండు సంగతులు వెతకండి. సమీక్షకి నా దగ్గరికొచ్చే పేపర్లలో నేను మొదట చూసేది అదే.

చరిత్ర చూసినా అంతే. స్టెయిన్‌లెస్ స్టీలు న్యూట్రాన్ల కింద లోపల సూక్ష్మమైన బోలు గదులు ఏర్పడి ఉబ్బిపోతుందని ఎవరూ ముందుగా ఊహించలేదు. బ్రిటన్‌లోని డౌన్‌రే ఫాస్ట్ రియాక్టర్‌లో (వేగమైన న్యూట్రాన్లతో నడిచేది) వాడిన ముక్కల్ని మైక్రోస్కోప్ కింద పెట్టి కాథోర్న్, ఫుల్టన్ 1967లో ప్రకటించేదాకా తెలియలేదు. ఇప్పుడు ఫాస్ట్ రియాక్టర్ల కోసం ఇట్రియం ఆక్సైడ్ కణాలు నానోమీటర్ల సైజులో చల్లిన ఉక్కులు తయారుచేస్తున్నారు. ఆ కణాలు ఖాళీల్నీ హీలియాన్నీ పట్టి ఉంచుతాయి, ప్రయోగశాలలో అద్భుతంగా ఉంటాయి. వెల్డ్ చేయగానే మాత్రం ఆ కణాలు చెదిరిపోతాయి, వెల్డ్ చేయలేని ఉక్కుతో పైపులు వేయడం మాటలు కాదు. చైనాలో షిదావ్ బే దగ్గర 2023 డిసెంబర్‌లో వాణిజ్యపరంగా మొదలైన హై టెంపరేచర్ రియాక్టర్ నాకు ఆసక్తిగా ఉంది, ఆవగింజలంత ఇంధన గింజల చుట్టూ కార్బన్, సిలికాన్ కార్బైడ్ పొరలు, 1,600 డిగ్రీల దాకా లోపలిది బయటికి రానివ్వవు. ఫ్యాక్టరీలకి వేడి ఆవిరి ఇవ్వగలిగితే అది కరెంటుకి మించిన మేలు, ఎందుకంటే ప్రపంచం వాడే శక్తిలో కరెంటు వాటా సుమారు ఐదో వంతే. ఫ్యూజన్ గురించి ఇక్కడ రాయను. దాని 14 ఎంఈవీ న్యూట్రాన్లకి నిలిచే గోడని పరీక్షించే సదుపాయమే స్పెయిన్‌లో ఇంకా కడుతున్నారు, వచ్చే 20 ఏళ్ల ఉద్గారాల లెక్కలో అది లేదు.

సోలార్ సంగతి. ప్యానెళ్ల ధర 2010ల దశకంలో సుమారు 90 శాతం పడిపోయింది. కొత్తగా ఒక రూపాయో డాలరో పెట్టాలంటే మొదట సోలార్, గాలిమరల్లో పెట్టమనే నేనూ చెప్తాను. అయితే గ్రిడ్‌లో వాటి వాటా పెరిగేకొద్దీ, గాలి లేని చలికాలపు వారాలు మిగిలిపోతాయి. బ్యాటరీలు గంటల లోటు పూడుస్తాయి, వారాల లోటు పూడ్చడం ఇప్పటికి చాలా ఖరీదు. అక్కడ ఇప్పటికే కట్టేసి, అప్పు తీరిపోయిన రియాక్టర్ ఉంటే దాన్ని మూయడానికి చాలా గట్టి కారణం కావాలి. జర్మనీ 2023 ఏప్రిల్ 15న చివరి మూడింటినీ మూసేసింది, బొగ్గు ప్లాంట్లు ఇంకా నడుస్తుండగానే. నా లెక్కలో అది తలకిందులైన వరస. అలాగని ప్రతి పాత రియాక్టర్‌నీ నడపాలని కాదు. వెసెల్ అంకెలు బాగాలేకపోతే, తనిఖీ చేసేవాళ్లకి స్వతంత్రత లేకపోతే, మూసేయమనే చెప్తాను.

వ్యర్థాల గురించి అడగలేదు గానీ కింద ఎవరో ఒకరు అడుగుతారు. ఫిన్లాండ్ ఒన్కలో దగ్గర 400 మీటర్లకి పైగా లోతున రాతిలో, రాగి డబ్బాల్లో పెట్టి చుట్టూ బెంటొనైట్ మట్టి కూరే పద్ధతిలో సొరంగాలు తవ్వింది. సైన్స్ వైపునుంచి చిక్కు తక్కువ, పక్కన ఉండే ఊళ్లని ఒప్పించడమే అసలు పని.

ఇక మీ పీహెచ్‌డీ

రండి. ఫిజిక్స్ నుంచి వచ్చేవాళ్లు ఎక్కువగా సిమ్యులేషన్ వైపు మొగ్గుతారు, అక్కడ ఇప్పుడు మెషీన్ లెర్నింగ్‌తో తయారుచేసిన పొటెన్షియల్స్ (పరమాణువుల మధ్య బలాల్ని లెక్కించే సూత్రాలు) వచ్చి పని బాగా ముందుకి పోతోంది. ఒకప్పుడు శుద్ధ ఇనుముతో సరిపెట్టుకునేవాళ్లం, ఇప్పుడు నాలుగైదు మూలకాల మిశ్రమాన్ని కూడా నమ్మదగినట్టు లెక్కించవచ్చు. కానీ పికోసెకన్ల సిమ్యులేషన్‌కీ 60 ఏళ్ల వెసెల్‌కీ మధ్య ఉన్న దూరాన్ని ఒక్క పద్ధతితో దాటలేరు, కాబట్టి పరమాణువుల నెమ్మదైన కదలికల్ని ఎక్కువ కాలానికి లెక్కించే కైనెటిక్ మాంటే కార్లో కూడా నేర్చుకోండి, చేతనైతే ఒక ప్రయోగ పద్ధతి కూడా.

చేరేముందు గైడ్‌ని రెండు విషయాలు అడగండి. న్యూట్రాన్లు తగిలిన అసలు పదార్థం మీ గ్రూపుకి అందుబాటులో ఉందా, లేక అంతా అయాన్లేనా. హాట్ సెల్‌లో (రేడియోధార్మిక ముక్కల్ని రోబో చేతులతో పరీక్షించే గదిలో) పనికి మీ వంతు ఎప్పుడొస్తుంది. ప్రపంచం మొత్తం మీద అలాంటి సదుపాయాలు కొన్నే, క్యూ పొడుగు. ఈ రెండిటికీ జవాబు నీళ్లు నమిలినట్టుంటే థీసిస్ ఒక ఏడాది వెనక్కి పోతుందనుకోండి.

టాపిక్ విషయంలో నా ఓటు దేనికంటే, చార్పీ పరీక్షలో విరిగిపోయిన దిమ్మెల సగం ముక్కల్లోంచి 4 మిల్లీమీటర్ల చిన్న నమూనాలు కోసి పగులు నిరోధాన్ని కొలిచే పని. 80 ఏళ్లకి పొడిగిస్తున్న ప్లాంట్లలో మొదట్లో పెట్టిన క్యాప్సూళ్లు అయిపోవస్తున్నాయి, 40 ఏళ్లకని లెక్కేసి పెట్టినవి కదా. గోదాముల్లో మూలన పడి ఉన్న ఆ విరిగిన ముక్కలే ఇప్పుడు దిక్కు. అంత చిన్న నమూనాలో వచ్చిన అంకెని 20 సెంటీమీటర్ల గోడకి ఎలా వర్తింపజేయాలి అన్నదాంట్లో ఇంకా చేయాల్సిన ఫిజిక్స్ చాలా ఉంది, పోటీ తక్కువ. సబ్జెక్టు పేరు వింటే మీ క్లాస్‌మేట్లు నవ్వుతారేమో, ప్లాంటు వాళ్లు మాత్రం ఫోన్ చేసి మరీ అడుగుతారు.